కంప్యూటరుకు జమాబందీ

వనపర్తి చుట్టుపక్కల పల్లెల్లో పాతతరం వారికి రెండు మాటలు బాగా తెలుసు. ఒకటి నీరటి, రెండవది జమాబందీ. చెరువు తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసుకునే మనిషి నీరటి. పటేలు, పట్వారీలు ఏడాది పొడుగునా రాసిన ఊరి లెక్కలను పై అధికారి వచ్చి సరిచూసే పని జమాబందీ. ఇప్పుడు రాయబోతున్నది మాత్రం కంప్యూటర్ల గురించి. మన కంప్యూటరులో ఈ క్షణాన ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఏ మలుపు దగ్గర ఆగినా నాకు ఈ రెండు మాటలే గుర్తుకు వస్తాయి. అందుకే వాటితో మొదలుపెట్టాను.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. తొలినాటి కంప్యూటరు ఒక్కసారికి ఒక్క ప్రోగ్రామునే నడిపేది. మన రాష్ట్రం సంగతే చూద్దాం. 1967లో డాక్టర్ ఏ.ఎస్. రావు సారథ్యంలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఈసీఐఎల్ అని మనం పిలుచుకునేది దాన్నే. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞులు రూపొందించిన టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది, దాన్ని తయారుచేసి అమ్మే బాధ్యతను ఈసీఐఎల్ తీసుకుంది. ఆ తరం యంత్రాల ముందు ఆపరేటరు అనే మనిషి కూర్చునేవాడు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీనో, కార్డుల కట్టనో యంత్రానికి అందించేవాడు, ఒక పని ముగిశాక రెండోది ఎక్కించేవాడు. ఏం నడుస్తోందని ఎవరైనా అడిగితే జవాబు ఆ మనిషి దగ్గరా, ఆయన బల్ల మీది రిజిస్టరులోనూ ఉండేది. తూము దగ్గర నిలబడ్డ నీరటిని అడిగితే ఏ కాలువకు నీరు పోతోందో చెప్పినట్టే.

యంత్రాలు వేగం పుంజుకున్న కొద్దీ మనిషి చేయి వాటిని అందుకోలేకపోయింది. ఒక పనికీ మరో పనికీ మధ్య లక్షల రూపాయల యంత్రం ఊరికే కూర్చుంటోంది. 1961 నవంబరులో అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. కాలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పంచడం దానిలోని కిటుకు. 1962లో మాంచెస్టరులో మొదలైన అట్లాస్ కంప్యూటరులో ఆపరేటరు చేసే పంపకాన్ని చాలావరకు ఒక ప్రోగ్రామే చేసేది, దానికి సూపర్‌వైజరు అని పేరు పెట్టారు. మనిషి స్థానంలోకి ప్రోగ్రాము వచ్చిన ఘట్టం ఇదే.

1963 ప్రాంతాల్లో కోర్బాటో సహచరులే మరో మాట పుట్టించారు. ఎవరూ పిలవకుండానే తెర వెనుక తమ పని తాము చేసుకుపోయే ప్రోగ్రాములకు వారు 'డీమన్' అని పేరు పెట్టారు. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన భూతం ఒకటుంది. అది ఒక పెట్టెలో తలుపు దగ్గర కూర్చుని వేగంగా కదిలే అణువులను ఒకవైపుకూ, నెమ్మదిగా కదిలేవాటిని మరోవైపుకూ అలుపు లేకుండా పంపుతూ ఉంటుంది. పేరు అక్కడినుంచి వచ్చింది. గ్రీకుల డీమన్ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దేవతలకూ మనుషులకూ నడుమ ఉండే ఒక శక్తి. మన పొలిమేర పోతరాజు లాంటిదనుకుంటే ఎక్కువ తప్పు లేదు. కనిపించకుండా కాపలా కాస్తుంది, ఆగ్రహిస్తే అదే కీడు చేస్తుంది.

ఇలా తనంత తాను పనిచేసే ఏర్పాటు వనపర్తి వారికి కొత్తది కాదు. రాణీ సరళాదేవి పేరిట శంకరంపేట దగ్గర కట్టిన సరళాసాగరం పని 1949లో మొదలై 1959లో ముగిసింది. అదే 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ కళాశాల కూడా వెలిసింది. ఈ జలాశయం ప్రత్యేకత అక్కడి సైఫన్లు. వరద నీరు నిర్ణీత మట్టం దాటగానే సైఫను లోపలికి పొంగుతుంది, లోపలి గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. గాలి పోయిన చోట పీడనం తగ్గి, నీరు నిండు ధారగా దూకుతుంది. మట్టం కిందికి దిగితే గాలి మళ్లీ చొరబడి ధార తెగిపోతుంది. గేటు ఎత్తే మనిషి లేడు, మోటారు లేదు, నీరటి లేడు. నీటిమట్టమే ఆజ్ఞ. కంప్యూటరు లోపలి డీమన్లు కూడా సరిగ్గా ఇలాంటివే. ఒక షరతు కోసం కాచుకుని ఉంటాయి, అది నెరవేరగానే మేలుకుంటాయి, పని ముగిశాక మళ్లీ నిద్రపోతాయి.

అయితే తనంత తాను నడిచేదాన్ని ఎవరూ చూడనక్కరలేదని అనుకోకూడదు. 2019 డిసెంబరు 31న సరళాసాగరం మట్టికట్టకు గండి పడింది, జలాశయంలోని నీరంతా వాగు పాలైంది. అరవై ఏళ్లు నిలిచిన కట్ట అది. నీరు ఎప్పుడు వదలాలో సైఫనుకు తెలుసు. కట్ట లోపల మట్టి ఏమవుతోందో దానికి తెలియదు. అది చూడడానికి మనిషే కావాలి.

కంప్యూటరు లోపల చూడడానికి పుట్టిన తొలి పనిముట్లలో పేరు నిలిచినది 'పీఎస్'. యునిక్స్ వ్యవస్థ 1969లో మొదలైతే, 1973 నాటి దాని మూడవ కూర్పులో ఈ ఆదేశం చేరింది. రెండక్షరాలు కొడితే చాలు, ఆ క్షణాన ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయి, ఎవరు నడుపుతున్నారు, ఒక్కొక్కదాని అంకె ఏమిటి అన్నది వరుసగా తెరమీద పడేది. 1984లో విలియం లెఫెబ్వర్ 'టాప్' అనే ప్రోగ్రాము రాశాడు. ఇది ఆ పట్టికను కొద్ది క్షణాలకొకసారి కొత్తగా చూపిస్తూ, యంత్రాన్ని ఎక్కువగా వాడుకుంటున్నవాటిని పైకి తెస్తుంది. పీఎస్ ఒక ఛాయాచిత్రమైతే టాప్ చలనచిత్రం. ఈ రెండూ నేటికీ లినక్స్ యంత్రాల్లో పనిచేస్తున్నాయి.

ఇక మన ఇళ్లకూ, ఊళ్లకూ వచ్చిన కంప్యూటర్ల సంగతి. డాస్ కాలంలో తెరమీద కనిపించేది ఒక్క ప్రోగ్రామే. ముగిసినట్టు కనిపిస్తూనే జ్ఞాపకశక్తిలో తిష్ఠవేసుకునే ప్రోగ్రాములు మాత్రం అప్పటికే ఉన్నాయి. 1984లో వచ్చిన సైడ్‌కిక్ అలాంటిది. ఏ పనిలో ఉన్నా ఒక మీట నొక్కితే లెక్కల యంత్రమో, చిరునామాల పుస్తకమో పైకి వచ్చేది. అదే మార్గాన 1986లో బ్రెయిన్ అనే వైరస్ వచ్చింది. లాహోరులోని బాసిత్, అంజద్ ఫారూఖ్ ఆల్వీ అనే అన్నదమ్ములు రాసినది. అది ఫ్లాపీ తొలి భాగంలో తాను కూర్చుని, అక్కడి అసలు రాతను వేరే చోట దాచేది. ఎవరైనా ఆ తొలి భాగాన్ని చదవబోతే మధ్యలో అడ్డుపడి, దాచిన అసలు రాతనే తీసి చూపేది. చూసేవారికి అంతా సవ్యంగానే కనిపించేది. ఇంట్లో దొంగ ఉన్నాడా అని అడిగితే దొంగే తలుపు దగ్గరికి వచ్చి ఎవరూ లేరని చెప్పినట్టు. నా దృష్టిలో ఈ చరిత్రకు అసలు ముడి ఇక్కడే పడింది. అంతవరకూ పట్టిక ఎక్కడుందన్నదే ప్రశ్న. ఇక మీదట, పట్టిక రాస్తున్నది ఎవరన్నది ప్రశ్న.

విండోస్ 95, 98 లలో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కితే నడుస్తున్నవాటి చిన్న పట్టిక వచ్చేది. ఆ పట్టిక అసంపూర్ణం. ఏ ప్రోగ్రామైనా తనను తాను సేవకుడిగా నమోదు చేసుకుంటే దాని పేరు అందులో కనిపించదు. వాడుకరి బయటికి వెళ్లినా నడవవలసిన ప్రోగ్రాముల కోసం పెట్టిన సదుపాయం అది. 1998 ఆగస్టులో బ్యాక్ ఆరిఫిస్ అనే ప్రోగ్రాము అమెరికాలోని ఒక హ్యాకర్ల సభలో విడుదలైంది. ఎక్కడో కూర్చుని మరొకరి కంప్యూటరును నడిపే సాధనం అది, పట్టికలో కనిపించకుండా పనిచేసేది. ఇంతకన్నా మేలైన టాస్క్ మేనేజరు 1996లోనే విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చింది. డేవ్ ప్లమర్ అనే ఉద్యోగి దాని కర్త. కానీ ఎన్‌టీ ఆఫీసుల్లో వాడే వ్యవస్థ. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 తరువాతే ఆ పట్టిక మామూలు ఇళ్లకు చేరింది.

2003 ఆగస్టు నాకు బాగా గుర్తు. అప్పట్లో జిల్లా పట్టణాల్లో కంప్యూటరు అంటే నెట్ సెంటరే. గంటకింత అని కట్టి, చెక్క గదుల్లో కూర్చుని ఫలితాలు చూసుకునే రోజులు. ఆ నెల బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతా పాకింది. తెరమీద హఠాత్తుగా చిన్న కిటికీ తెరుచుకుని అరవై క్షణాల లెక్క మొదలయ్యేది, లెక్క పూర్తయితే యంత్రం ఆగిపోయేది. నేను వెళ్లే సెంటరు నడిపే కుర్రవాడు ఇంజనీరింగు చదివినవాడు కాదు. కానీ కిటికీ రాగానే టాస్క్ మేనేజరు తెరిచి, 'ఎంఎస్‌బ్లాస్ట్' అన్న పేరు వెతికి ఆపేసేవాడు. "దీని పేరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే సార్" అన్నాడొకసారి. బ్లాస్టర్ తన పేరును దాచుకోలేదు కనుక ఆ మాట నిజమైంది. దాచుకునే రకాల ముందు అది సరిపోదు.

తెలుగు రాసేవారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన అనుభవం ఉంది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చినా, సామాన్యుడి వేళ్లకు అలవాటైనది ఇంగ్లీషు కీబోర్డే. అందుకని బరహా, అక్షరమాల వంటి ప్రోగ్రాములను గడియారం పక్కన చిన్న బొమ్మగా నడుపుకుంటూ తెలుగు రాశాం. అవి ఏం చేసేవి? మనం నొక్కిన మీట రాతపెట్టెకు చేరేలోపే దారిలో పట్టుకుని, దాన్ని తెలుగక్షరంగా మార్చి పంపేవి. అంటే మన ప్రతి మీటనూ చూసే అధికారం వాటికి మనమే ఇచ్చాం. సంకేతపదాలను దొంగిలించే కీలాగర్లు కూడా ఇదే దారిలో కూర్చుంటాయి, ఇదే పద్ధతిలో మీటలను పట్టుకుంటాయి. పనితీరు ఒకటే. తెలుగు రాయించేది తన బొమ్మను బయట పెట్టుకుంటుంది, మనం ఆపమంటే ఆగుతుంది. దొంగది దాక్కుంటుంది. కనుక మంచి చెడ్డలను ప్రోగ్రాము చేసే పనిని బట్టి మాత్రమే నిర్ణయించలేం. తానున్నానని చెబుతోందా, ఆపమంటే ఆగుతోందా అన్నది కూడా చూడాలి.

ఇక్కడ 1984 అనే ఏడాదిని ఒకసారి తలుచుకోవాలి. ఆ ఏడాది ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. తెలంగాణలో పటేలు, పట్వారీలు పోయారు. ఏ సర్వే నంబరులో ఎవరున్నారు, ఏ పైరు వేశారు అని రాసే పహాణీ పట్వారీ చేతిలోనే ఉండేది. రాసేదీ ఆయనే, అడిగితే చూపేదీ ఆయనే. చదువు రాని రైతు తన పొలం తనదేనని రుజువు చేసుకోవాలన్నా ఆయన పుస్తకమే దిక్కు. ఊళ్లో ఉన్నదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి అయితే పట్టుకోవలసింది జమాబందీ. అదీ పుస్తకాన్ని పుస్తకంతో పోల్చి సరిపెట్టుకుంటే ఫలితం సున్న. పొలం గట్టు మీద నిలబడి పోల్చినప్పుడే దానికి విలువ.

అదే 1984లో, యునిక్స్ కర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ప్రసంగం అచ్చయింది. ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే కంపైలరులోనే ఒక మోసాన్ని దాచవచ్చునని ఆయన చూపించాడు. ఆ కంపైలరు ఇతర ప్రోగ్రాముల్లోకి రహస్య ద్వారాన్ని చొప్పిస్తుంది. తనను తాను మళ్లీ తయారుచేసుకునేటప్పుడు ఆ మోసాన్ని కూడా కొత్త కూర్పులోకి మోసుకుపోతుంది. మూలపాఠమంతా అక్షరం అక్షరం చదివినా ఏమీ దొరకదు. నువ్వు స్వయంగా సృష్టించని దేన్నీ పూర్తిగా నమ్మలేవన్నది ఆయన తేల్చిన సారాంశం. పట్వారీ పుస్తకం ముందు నిలబడ్డ రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ చిక్కుకు పరిష్కారం 2005లో అందరికీ కనిపించింది. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు బ్రైస్ కాగ్స్‌వెల్‌తో కలిసి విండోస్ లోపలి గుట్టు చూపే పనిముట్లు రాసేవాడు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ వాటిలో ఒకటి. వారే రూట్‌కిట్ రివీలర్ అనే మరో సాధనం తయారుచేశారు. దాని పద్ధతి చాలా సులువు. మొదట దస్త్రాల జాబితాను మామూలు పద్ధతిలో విండోస్‌నే అడుగుతుంది. తరువాత విండోస్‌ను పక్కన పెట్టి, డిస్కు మీది రాతను నేరుగా చదివి తన సొంత జాబితా వేసుకుంటుంది. రెండింటినీ పోలుస్తుంది. రెండో దానిలో ఉండి మొదటి దానిలో లేనిదాన్ని ఎవరో దాచారన్నమాట. దాన్ని తన కంప్యూటరులోనే ప్రయోగిస్తే దాగిన దస్త్రాలు కొన్ని బయటపడ్డాయి. వాటి జాడ పట్టుకుపోతే, సోనీ బీఎంజీ వారి సంగీతపు సీడీ నుంచి అవి వచ్చాయని తేలింది. పాటలు నకలు కాకుండా అడ్డుకోవడానికి పెట్టిన ప్రోగ్రామది. రెండు డాలరు గుర్తుల నడుమ 'సిస్' అన్న పేరుతో మొదలయ్యే ప్రతి దస్త్రాన్నీ, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ అది కనుమరుగు చేసేది. అంటే మరే దొంగైనా ఆ పేరు పెట్టుకుంటే అతనికీ అదే ముసుగు దొరుకుతుంది. 2005 అక్టోబరు 31న ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. నవంబరులో ఆ సంస్థ తన సీడీలను వెనక్కి పిలిపించుకుంది. డబ్బులిచ్చి కొన్న పాటల పళ్లెం, కొన్నవాడి ఇంట్లోనే అతనికి కనిపించకుండా ఒక మనిషిని కూర్చోబెట్టింది.

ఇది పాత ముచ్చట అనుకోనక్కరలేదు. 2021 జూలైలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వారి భద్రతా ప్రయోగశాల, పెగాసస్ అనే గూఢచారి ప్రోగ్రాము ఫోన్లలో వదిలిన ఆనవాళ్లను వివరించింది. ఐఫోనులో ఏ ప్రోగ్రాము ఎంత డేటా వాడిందో నమోదయ్యే లెక్క ఒకటుంది. దానిలో రెండు పట్టికలు: ఒకదానిలో ప్రోగ్రాముల పేర్లు, రెండవ దానిలో వాటి వాడకం. పెగాసస్ మొదటి పట్టిక నుంచి తన పేరును తుడిచేసింది. రెండవ దానిలోని పద్దును మరిచింది. పేరు లేని వాడకం మిగిలిపోయింది. పరిశోధకులకు ఆ తేడాయే ఆధారమైంది. పదహారేళ్ల నాటి రూట్‌కిట్ రివీలర్ చేసినదీ ఇదే. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో చూడడం. ఇంతకన్నా జమాబందీ మరేముంటుంది!

చదువరులు తమ ఇంట్లో చేసుకోగలిగిన జమాబందీ కూడా ఉంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు నేరుగా వస్తుంది. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో పీఎస్, టాప్ ఉన్నాయి. పట్టిక చూసి బెదరవలసిన పని లేదు. ఏమీ చేయకుండా కూర్చున్న విండోస్ యంత్రంలో కూడా వంద పైచిలుకు పేర్లు కనిపించడం మామూలే. 'ఎస్‌వీసీహోస్ట్' అన్న పేరు పదుల సార్లు కనిపించి చాలామందిని కంగారు పెడుతుంది. అది విండోస్ సేవలను మోసే బండి. ఒకప్పుడు ఒక్కో బండిలో చాలా సేవలు కూర్చునేవి. 2017 నుంచి, జ్ఞాపకశక్తి తగినంత ఉన్న యంత్రాల్లో చాలా సేవలకు వేరు వేరు బండ్లు ఇచ్చారు. అందుకే అన్ని కనిపిస్తాయి.

అనుమానం కలిగిన పేరును నాలుగు ప్రశ్నలు అడగాలి. నీ దస్త్రం ఏ చోట ఉంది? అసలైన ఎస్‌వీసీహోస్ట్ విండోస్ వారి సిస్టమ్32 సంచిలో ఉంటుంది. అదే పేరుతో తాత్కాలిక దస్త్రాల సంచిలో కూర్చున్నది దాదాపుగా వేషధారే. పేరులో ఒక అక్షరం అటూయిటూ చేసినవీ ఉంటాయి, నిదానంగా చదవాలి. రెండవది, నిన్ను మొదలుపెట్టినది ఎవరు? ప్రతి ప్రోగ్రాముకూ దాన్ని పుట్టించిన తల్లి ప్రోగ్రాము ఉంటుంది. ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాము కడుపున ఆదేశాల కిటికీ పుట్టిందంటే ఆలోచించాలి. మూడవది, నీ మీద సంతకం ఎవరిది? తయారీదారుల డిజిటల్ సంతకాన్ని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ సరిచూసి చెబుతుంది. నాలుగవది, యంత్రం తెరిచిన ప్రతిసారీ నువ్వెందుకు లేస్తున్నావు? 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుంచి టాస్క్ మేనేజరులోనే అలా లేచేవాటి జాబితా వేరుగా ఉంది.

అంతటితో ఆగకూడదు. ఆ యంత్రమే ఇచ్చిన పట్టికను ఆ యంత్రం బయటి నుంచి కూడా ఒకసారి పోల్చాలి. ఇంట్లోని రౌటరు ఏ పరికరం ఎవరితో మాట్లాడుతోందో కొంతవరకు చూపుతుంది. వేరే డిస్కుతో యంత్రాన్ని మొదలుపెట్టి లోపలి డిస్కును పరీక్షించవచ్చు. అప్పుడు లోపలి దొంగ నిద్రలో ఉంటాడు, జవాబు మార్చి చెప్పలేడు. ఫోన్లలో 2020 నుంచి ఐఫోను, 2021 నుంచి ఆండ్రాయిడ్ ఒక చిన్న రంగు చుక్కను చూపుతున్నాయి. ఏదో ఒక ప్రోగ్రాము మైకునో, కెమెరానో వాడుతోందని దాని అర్థం. మనం మాట్లాడకుండా, ఫోటో తీయకుండా ఉన్నప్పుడు ఆ చుక్క వెలిగితే ఎందుకని అడగాలి.

నిపుణులకు వదిలేద్దాం, మనకెందుకీ గొడవ అని ఎవరైనా అనవచ్చు. పహాణీ గురించి కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. లెక్కలు పట్వారీకి తెలుసు, మనకు దున్నడం తెలిస్తే చాలనుకున్నవారిలో కొందరికి, దున్నిన నేల తమ పేర లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. పుస్తకం చదవడం నేర్చుకున్న పిల్లలు ఆ ఇళ్లలో పుట్టాకే పరిస్థితి మారింది. ఈనాడు మన ఉత్తరాలు, పద్దులు, పిల్లల చదువులు, పింఛను కాగితాలు అన్నీ ఈ యంత్రాల్లోనే ఉన్నాయి. దానిలో ఎవరెవరు పనిచేస్తున్నారో అడిగే హక్కు యజమానికి ఉంది. పట్టిక తెరిచి, తెలియని పేరు ఒక్కటి ఎంచుకుని, అది ఎవరిదో, ఎక్కడిదో తెలుసుకోండి. వారానికి ఒక పేరు చాలు, ఏడాది తిరిగేసరికి ఆ పట్టికలో మీకు కొత్తవారు ఎక్కువమంది మిగలరు. వచ్చిన కొత్తవాడు వెంటనే కనిపిస్తాడు.